ప్యాటియో గొడుగు కింద చలికాలపు హీటర్: కొలతల నుంచి బిగింపు దాకా

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లున్న మన కుటుంబాలకు దీపావళి వెళ్లగానే ఒక బెంగ పట్టుకుంటుంది. వేసవంతా నలుగురూ కూర్చుని తిన్న ప్యాటియో బల్ల ఇక ఉగాది దాకా ఖాళీయేనా అని. గొడుగు పోల్‌కి తగిలించే హీటర్ ఆ బల్లను ఇంకొన్ని వారాలు వాడుకోనిస్తుంది. కాకపోతే ఆన్‌లైన్‌లో వాట్లూ ధరా చూసి కొనేసిన హీటర్ తీరా వచ్చాక పోల్‌కి పట్టదు, పట్టినా గొడుగు మూసుకోదు, మూసుకున్నా బ్రేకర్ పడిపోతుంటుంది. కొనేది హీటరే గానీ ఏది కొనాలో తేల్చేది మీ గొడుగూ, గోడ మీది ప్లగ్ పాయింటూ. అందుకే ముందు కొలిచే టేపు తీయండి.

ఎంత వెచ్చదనం వస్తుంది

చలిమంట దగ్గర ముఖం కాలుతుంది, వీపు చల్లగానే ఉంటుంది. మంట గాలిని వేడెక్కించడం లేదు, ఎదురుగా ఉన్న ఒంటిని నేరుగా వేడెక్కిస్తోంది. ఇన్‌ఫ్రారెడ్ హీటర్ పనిచేసే తీరూ అదే. గొడుగు కింద నాలుగు వైపులా గోడల్లేవు కాబట్టి గాలిని వేడిచేసే ఫ్యాన్ హీటర్‌కి పెట్టే డబ్బు గాల్లో కలిసిపోతుంది. గది కోసం చేసిన హీటర్లను ఈ పనికి లెక్కలోకే తీసుకోవద్దు.

అమెరికాలో మామూలు 120 వోల్టుల ప్లగ్గుతో నడిచే హీటర్లకు ఆచరణలో హద్దు 1500 వాట్లు. పోల్‌కి బిగించే మోడళ్లలో సాధారణంగా 500 వాట్ల తలలు, అంటే వేడినిచ్చే భాగాలు, మూడు ఉంటాయి. ఒక్కో తల నుంచి 300 వాట్లు కూర్చున్నవాళ్ల వైపు వచ్చి చదరపు మీటరున్నర మేర పరుచుకుంటాయని అనుకుందాం. చదరపు మీటరుకు 200 వాట్లు పడ్డట్టు. మబ్బులేని మిట్టమధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకు దాదాపు 1000 వాట్లు. అంటే ఆ ఎండలో ఐదో వంతు, చలికాలం పొద్దున పూట గోడ వారగా కాచుకునే నీరెండలాంటిది.

ఆ నీరెండతో గాలి లేని సాయంత్రం 50 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు, అంటే 10 సెల్సియస్ వరకు, స్వెటర్ వేసుకుని హాయిగా కూర్చోవచ్చు. 40కి దిగితే ఒళ్లో దుప్పటి కావాలి. గడ్డకట్టే చలిలో, అందులోనూ గాలి వీస్తుంటే, ఈ హీటర్ మీద ఆశ పెట్టుకోవద్దు. మంచు కురిసే రోజున అసలు గొడుగే తెరవకూడదు, ఆ బరువుకి ఊచలు వంగిపోతాయి.

మూడు తలలు, ఆరు కుర్చీలు అయితే ఇద్దరి మధ్య ఒక తల చొప్పున తిప్పుకోవాలి. నలుగురైతే సరిపోతుంది. ఎనిమిది మంది కూర్చునే బల్లకు పోల్ హీటర్ ఒక్కటీ చాలదు.

మొదటి పని: గొడుగుని కొలవడం

నడిమధ్యలో పోల్ ఉండి, బల్ల రంధ్రంలోంచి దిగే గొడుగుకే పోల్ హీటర్ నప్పుతుంది. పక్కన నిలబడి చెయ్యి చాచినట్టు వేలాడే గొడుగుకి బల్ల మీద పోలే ఉండదు. అలాంటిది మీ ఇంట్లో ఉంటే ఈ కొలతలు వదిలేసి, చివర్లో నిలువు హీటర్ల గురించి రాసిన చోటికి వెళ్లండి.

పోల్ లావు తెలుసుకోవడానికి హీటర్ బిగించదలచిన చోట దారం ఒక చుట్టు చుట్టి, ఆ పొడవుని 3.14తో భాగించండి. దారం 4.7 అంగుళాలు వస్తే పోల్ అంగుళంన్నర, 6.3 వస్తే 2 అంగుళాలు. క్లాంపు ఎంత లావు పోల్‌కి పడుతుందో హీటర్ వివరాల్లో రాసి ఉంటుంది, మీ అంకె ఆ హద్దుల మధ్యలో పడాలి. అంచున పడితే వద్దు. పోల్ సన్నగా ఉందని గుడ్డ గానీ స్పాంజి గానీ చుట్టి బిగిస్తే వేడికి అది నలిగి, హీటర్ మెల్లగా కిందికి జారుతుంది. పెట్టెలో వచ్చే రబ్బరు తొడుగు మాత్రమే వాడండి. పోల్ చెక్కదైతే, చెక్కకి బిగించవచ్చని మాన్యువల్‌లో స్పష్టంగా ఉంటేనే ముందుకెళ్లండి.

ఇక అసలు చిక్కు గొడుగు మూసేటప్పుడు వస్తుంది. హ్యాండిల్ తిప్పి తెరిచే గొడుగులో ఊచలకి ఊతమిచ్చే కమ్ములన్నీ పోల్ మీద పైకీ కిందికీ జారే ఒక రింగుకి కలిసి ఉంటాయి. గొడుగు తెరిస్తే రింగు పైకి పోతుంది, మూస్తే హ్యాండిల్ డబ్బా దగ్గరికి దిగుతుంది. తెరిచినప్పుడు ఒకసారి, మూసినప్పుడు ఒకసారి రింగు ఎక్కడ ఆగిందో పోల్ మీద చిన్న టేపు ముక్క అంటించి గుర్తుపెట్టుకోండి. హీటర్ బిగించే చోటు చాలా గొడుగులకి ఆ రెండు టేపుల మధ్యే వస్తుంది. అంటే హీటర్ ఉండగా గొడుగు మూసుకోదు. బలవంతంగా హ్యాండిల్ తిప్పితే పోల్ లోపలి తాడు తెగుతుంది.

మూసిన గొడుగు గుడ్డ ఎక్కడిదాకా వేలాడుతుందో కూడా చూడండి. 9 అడుగుల గొడుగులో ఊచ నాలుగున్నర అడుగులుంటుంది. పైకొస 8 అడుగుల ఎత్తులో ఉంటే గుడ్డ అంచు నేలకు మూడున్నర అడుగుల దాకా దిగుతుంది. పోల్ మీద వదిలేసిన హీటర్ ఆ గుడ్డ మడతల్లో ఇరుక్కుని ఉంటుంది. అంతకుముందే ఆపిన హీటర్ అయితే వేడి తలలు నేరుగా గుడ్డకి ఆనుకుంటాయి. అందుకే మా సలహా ఒకటే: చేత్తో తిప్పి విప్పగలిగే లివర్ గానీ మర గానీ ఉన్న క్లాంపునే ఎంచుకోండి. ప్రతిసారీ అలెన్ కీ వెతికి విప్పాల్సిన హీటర్‌ని నాలుగో రోజు నుంచి ఎవరూ విప్పరు.

గుడ్డ ఏ రకమో కుట్టు దగ్గరి లేబుల్ మీద ఉంటుంది. ఒలెఫిన్, అంటే పాలీప్రొపిలిన్, 160 సెల్సియస్ దాటగానే కరుగుతుంది. పాలిస్టర్ 250 దాటేదాకా ఓర్చుకుంటుంది. కరగడానికి చాలా ముందే రంగు వెలిసి, గుడ్డ పెళుసెక్కుతుంది. ఒలెఫిన్ గొడుగుకి మాన్యువల్ చెప్పిన దూరం కంటే ఇంకో అరడుగు ఎక్కువ వదలడం మంచిది.

గొడుగుని నిలబెట్టే అడుగు దిమ్మె బరువు మరిచిపోవద్దు. మూడు నాలుగు కిలోల హీటర్ ఆరడుగుల ఎత్తున ఉంటే గాలికి గొడుగు ఊగడం ఎక్కువవుతుంది. బల్లలోంచి దిగే 9 అడుగుల గొడుగుకి 50 పౌండ్ల దిమ్మె ఉండాల్సిందే. బల్ల లేని గొడుగుకి 75 పౌండ్లు కావాలి, కానీ దానికి పోల్ హీటర్ వద్దంటాం. బల్ల అడ్డుగా ఉంటేనే మనుషులు పోల్ దగ్గరికి రాకుండా ఉంటారు. బల్ల లేకపోతే ఆరడుగుల ఎత్తులో మండుతున్న తల సరిగ్గా పెద్దవాళ్ల నుదుటి దగ్గరుంటుంది.

రెండో పని: ప్లగ్ వెనక ఏముందో చూడడం

1500 వాట్లను 120 వోల్టులతో భాగిస్తే 12.5 ఆంపియర్లు. ఇంటి బయటి పాయింట్ 15 ఆంపియర్ల బ్రేకర్ మీద ఉంటే, మూడు గంటలు, అంతకు పైగా ఆగకుండా నడిచే లోడుకి అందులో 80 శాతం, అంటే 12 ఆంపియర్ల దాకానే వాడాలన్నది విద్యుత్ నియమం. హీటర్ ఒక్కటే ఆ గీత దాటేస్తోంది. 20 ఆంపియర్ల బ్రేకర్ అయితే 16 దాకా వెసులుబాటు ఉంటుంది. బ్రేకర్ పిడి మీద ఆ అంకె రాసి ఉంటుంది, చూడండి.

ఆ లైన్ మీద ఇంకేమున్నాయో కూడా తెలియాలి. బయటి పాయింట్‌కి ఒక బల్బు తగిలించి, ప్యానెల్‌లో బ్రేకర్లు ఒక్కొక్కటే ఆపుతూ రండి. బల్బు ఏ బ్రేకర్‌తో ఆరిందో గుర్తించి, దాంతోపాటు ఇంట్లో ఇంకేవి ఆగాయో తిరిగి చూడండి. గరాజ్‌లోని ఫ్రీజర్, పండగ లైట్లు, బాత్‌రూమ్ పాయింట్ కూడా అదే లైన్ మీద ఉండటం మామూలే. ఫ్రీజర్ ఉన్న లైన్ మీద హీటర్ పెట్టొద్దు. బ్రేకర్ పడిన సంగతి మర్నాడు గోంగూరా చేపలూ కరిగి కారేదాకా తెలియదు.

15 ఆంపియర్ల లైన్ తప్ప దారి లేకపోతే మూడు తలల్లో రెండు మాత్రమే వెలిగించే వీలున్న మోడల్ తీసుకోండి. 1000 వాట్లు 8.3 ఆంపియర్లే, రాత్రంతా నడిచినా ఇబ్బంది లేదు.

బయటి పాయింట్‌కి కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే జీఎఫ్‌సీఐ రక్షణ ఉండాలి. అంటే టెస్ట్, రీసెట్ బటన్లున్నది, లేదా ప్యానెల్‌లోనే ఆ రకం బ్రేకర్. టెస్ట్ నొక్కితే కరెంటు పోవాలి, పోకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మార్పించాకే హీటర్ కొనండి. ప్లగ్ పెట్టి ఉండగానే మూసుకునే గుల్లలాంటి మూత కూడా ఉండాలి.

ఎక్స్‌టెన్షన్ తీగ గురించి: చాలా మాన్యువళ్లు వద్దనే అంటాయి. వద్దన్న మోడల్‌కి వాడకండి. అనుమతి ఉంటే 12 గేజ్ తీగ (గేజ్ అంకె తగ్గేకొద్దీ తీగ లావు), 50 అడుగులకు మించకుండా. కారణం ఈ లెక్కలో ఉంది. 50 అడుగుల 16 గేజ్ తీగలో రానూపోనూ 0.4 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. 12.5 ఆంపియర్లు పారితే ఆ తీగలోనే 63 వాట్లు వేడిగా మారతాయి. అదే 12 గేజ్ అయితే 25 వాట్లు. మిగిలిన తీగని చుట్టగా చుట్టి పక్కన పడేస్తే ఆ 63 వాట్లూ ఒక్కచోటే పేరుకుని తొడుగు మెత్తబడుతుంది. చాప కిందా, కార్పెట్ కిందా తీగ పోనివ్వకూడదన్నది కూడా ఇందుకే.

మూడో పని: ఏ రకం రాడ్

హాలోజన్ ఎర్రగా కళ్లకు కొట్టే వెలుగుతో క్షణంలో వేడెక్కుతుంది. దాని వేడిలో ఎక్కువ భాగం కిరణాలుగానే పోతుంది కాబట్టి కొద్దిపాటి గాలి వీచినా ఒంటికి తగులుతుంది. కార్బన్, క్వార్ట్జ్ రాడ్లు నారింజ వెలుగుతో, కొన్ని సెకన్లలో అందుకుంటాయి. వెలుగు మెత్తగా ఉంటుంది, గాలికి కొంచెం తగ్గుతుంది. వెలుగే లేని సిరామిక్ పలకలు వేడెక్కడానికి 5 నుంచి 10 నిమిషాలు పడుతుంది, చుట్టూ గాలి తగిలితే ఆ వేడిలో పెద్ద భాగం కొట్టుకుపోతుంది. మూడు వైపులా మూసిన వరండాకి అవి చక్కనివి, గొడుగుకి కాదు.

తెరిచిన పెరట్లో హాలోజన్‌కే మా ఓటు. కళ్లకి ఎర్ర వెలుగు చిరాకు అనిపించేవాళ్లకి కార్బన్.

పెట్టె మీద, మాన్యువల్‌లో వెతకాల్సినవి

మాన్యువల్‌ని కొనకముందే డౌన్‌లోడ్ చేసి చదవచ్చు. అందులో మండే వస్తువుల నుంచి ఎంత దూరం ఉండాలో అంకె ఉండాలి, పైన ఎంత, పక్కన ఎంత, ముందు ఎంత అని విడివిడిగా. ఆ అంకె లేని హీటర్ ఎంత చవకైనా వదిలేయండి.

భద్రతా పరీక్ష నెగ్గిందని చెప్పే యూఎల్ గానీ ఈటీఎల్ గానీ ముద్ర ఉండాలి, బయట వాడుకకు అని రాసి ఉండాలి. నీటి రక్షణకి ఐపీఎక్స్4 అంటే అన్ని వైపుల నుంచీ పడే చిందులకు ఓర్చుకుంటుంది. ఐపీ55, ఐపీ65 అంటే నీటి ధారకీ ఓర్చుకుంటుంది. రాత్రిపూట విప్పి లోపల పెట్టేవాళ్లకు ఐపీఎక్స్4 చాలు. వేడెక్కిన గాజు మీద వాన చినుకు పడితే పగలొచ్చు కాబట్టి ఏ అంకె ఉన్నా వానలో నడపకండి.

1500 వాట్ల హీటర్ గంటకి 5,118 బీటీయూలు, అంటే వేడిని కొలిచే యూనిట్లు, ఇస్తుంది. ఒక వాటుకి 3.412, అది మారని లెక్క. అంతకు మించి రాసి ఉన్న పెట్టె అబద్ధమాడుతోంది, మిగతా అంకెలనీ నమ్మలేం.

అతిగా వేడెక్కితే తనంతట ఆగే స్విచ్, పక్కకి వాలితే ఆగే స్విచ్ రెండూ ఉన్నాయో చూడండి. టైమర్ ఉంటే మేలు. విడి బల్బులు దొరుకుతాయో లేదో అడగండి. ఖర్చు అంత భయపడాల్సింది కాదు, యూనిట్ 15 నుంచి 20 సెంట్లున్న చోట మూడు గంటలకి 68 నుంచి 90 సెంట్లు.

బిగించే వరస

1. గొడుగు పూర్తిగా తెరిచి, వంచే గొడుగైతే నిటారుగా ఉంచి, ఆ వంపు మీట జోలికి ఇక వెళ్లకండి. గొడుగు వంచితే ఒకవైపు గుడ్డ అడుగున్నర కిందికి దిగి తలల మీదికి వస్తుంది.

2. క్లాంపు పై టేపు గుర్తుకి రెండు మూడు అంగుళాల కింద పట్టుకోండి. సాధారణంగా అది ఐదున్నర నుంచి ఆరడుగుల మధ్య వస్తుంది. కూర్చున్నవాళ్ల తల నాలుగడుగుల పైచిలుకు ఎత్తులో ఉంటుంది కాబట్టి వేడి ఏటవాలుగా ఛాతీ, చేతుల మీద పడుతుంది. రెండు ముక్కల పోల్ అయితే అతుకు మీద, బటన్ మీద బిగించకూడదు.

3. తలలు విప్పి, ప్రతి తల పై భాగం నుంచి అన్నిటికంటే దగ్గరున్న గుడ్డకి, కమ్మికి టేపు పెట్టి కొలవండి. మాన్యువల్ అడిగిన దూరం రాకపోతే ఇంకో అంగుళం కిందికి దింపండి. ఎంత దింపినా రాకపోతే ఆ గొడుగుకి ఆ హీటర్ పనికిరాదు, తిరిగి పంపేయండి.

4. క్లాంపు చేత్తో బిగించాక కిందికి లాగి చూడండి, జారకూడదు. శ్రావణంతో మరీ బిగిస్తే పలుచని అల్యూమినియం పోల్ సొట్టపోతుంది. ఆ సొట్ట దగ్గరే రేపు రింగు ఇరుక్కుంటుంది.

5. తలలు కిందికే చూడాలి. అడ్డంగా, అంటే నేలకి సమాంతరంగా తిప్పినా గొడుగు అంచు జాలరు మీద వేడి పడుతుంది.

6. తీగను అడుగుకో పట్టీ చొప్పున పోల్‌కి కట్టి, బల్ల కిందికి దించి, మనుషులు నడవని వైపు నుంచి గోడ దగ్గరికి తీసుకెళ్లండి. పాయింట్ దగ్గర తీగ ఒకసారి కిందికి వంగి పైకి రావాలి. తీగ వెంట జారిన నీళ్లు ఆ వంపు దగ్గరే చుక్కలుగా రాలిపోతాయి, ప్లగ్‌లోకి పోవు.

7. ఎవరూ కూర్చోకుండా 20 నిమిషాలు నడిపి చూడండి. ఆపాక తలల పైనున్న గుడ్డని బయటి వైపు నుంచి అరచేత్తో తాకండి. చెయ్యి పది లెక్కపెట్టేదాకా ఉంచగలగాలి. ప్లగ్ కూడా తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. చురుక్కుమంటే లోపలి పట్టు వదులైంది, పాయింట్ మార్పించాలి.

రాత్రి ముగించేటప్పుడు ముందు స్విచ్, తర్వాత ప్లగ్, తర్వాత అరగంట ఆగడం, ఆ తర్వాత హీటర్ విప్పడం, అన్నిటికంటే చివర గొడుగు మూయడం. ఈ వరస ఇంట్లో పిల్లలకీ, చూడ్డానికొచ్చిన అమ్మానాన్నలకీ కూడా చెప్పి ఉంచండి. సాయం చేద్దామని వెళ్లి గొడుగు మూసేది సాధారణంగా వాళ్లే.

ఇబ్బందులు, వాటి కారణాలు

వెలిగించగానే జీఎఫ్‌సీఐ పడిపోతే తేమ చేరిందన్నమాట. హీటర్‌ని ఒకరోజు ఇంట్లో ఆరబెట్టి మళ్లీ చూడండి. అప్పుడూ పడితే లోపల తొడుగు దెబ్బతింది, వాడకండి. 20 నిమిషాలకో గంటకో బ్రేకర్ పడితే లోడు ఎక్కువైంది, ఒక తల ఆపండి. ఒక్క తలే వెలగకపోతే బల్బు పోయింది. కొత్త హాలోజన్ బల్బుని వట్టి వేళ్లతో పట్టుకోకూడదు, చేతి జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువ వేడెక్కి పగులుతుంది. వేడిగా ఉన్నప్పుడు తలని కుదిపినా లోపలి సన్నని తీగ తెగిపోతుంది.

పక్కన నిలిపే హీటర్లు, గ్యాస్ హీటర్లు

వేలాడే గొడుగుకి, పెద్ద బల్లకి నిలువు స్టాండ్ మీది హాలోజన్ హీటర్ గానీ ఇంటి గోడకి బిగించేది గానీ సరైనది. ఒక్కో 1500 వాట్ల హీటర్‌కి ఒక్కో లైన్ కావాలి. నేల మీద నిలిచేదానికి కొంగులూ చున్నీలూ తగిలే ప్రమాదం ఉంటుంది, అందుకే తల ఆరడుగుల పైన ఉండేది తీసుకుని నడకదారికి దూరంగా పెట్టండి.

పుట్టగొడుగు ఆకారపు ప్రొపేన్ హీటర్ గొడుగు కిందికి ఎట్టి పరిస్థితుల్లోనూ రాకూడదు. దాని ఎత్తు ఏడడుగుల పైమాట, మంట సరిగ్గా గొడుగు గుడ్డ ఎత్తులోనే ఉంటుంది. గొడుగు అంచుకి కనీసం మూడడుగుల బయట, మాన్యువల్ అంతకంటే ఎక్కువ అడిగితే అంత దూరంలో నిలపండి. గాలి దాన్నించి గొడుగు వైపు వీయకూడదు. చలి ఆపుదామని గొడుగు చుట్టూ ప్లాస్టిక్ తెరలు కట్టి లోపల గ్యాస్ వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది, ప్రాణాలకే ముప్పు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో గ్యాస్ హీటర్ మాటే వద్దు.

గంటకి 40,000 బీటీయూల హీటర్‌కి, ఖాళీ సిలిండర్ ఇచ్చి మార్పిడిలో తెచ్చుకునే సిలిండర్‌లోని 15 పౌండ్ల గ్యాస్ ఎనిమిది గంటలొస్తుంది. చలి పెరిగేకొద్దీ సిలిండర్‌లో ఒత్తిడి తగ్గుతుంది, సగానికి దిగిన సిలిండర్‌తో మంట చిన్నదవుతుంది. వేసవంతా వాడకపోతే బర్నర్ గొట్టంలో సాలీళ్లు గూళ్లు పెడతాయి. మంట పసుపుగా, మసిగా వస్తే ముందు అక్కడే చూడండి. సిలిండర్ బిగించిన ప్రతిసారీ అతుకుల మీద సబ్బునీళ్లు రాసి బుడగలొస్తున్నాయేమో చూడాలి. దీపావళి రాత్రి పిల్లలు కాకరపువ్వొత్తులు కాలుస్తున్నంతసేపూ గ్యాస్ హీటర్ ఆపి, సిలిండర్ వాల్వు మూసి ఉంచండి.

ఇండియాకి తీసుకెళ్దామనుకుంటే

అమెరికా హీటర్ 120 వోల్టులది. మన 230 వోల్టులకి తగిలిస్తే రెట్టింపు కంటే ఎక్కువ శక్తి లాగి కాలిపోతుంది. ఇండియా నుంచి తెచ్చిన 2000 వాట్ల హీటర్ అమెరికాలో సగం శక్తి కూడా ఇవ్వదు. అరకులోనో లంబసింగిలోనో రిసార్ట్ నడిపేవాళ్లు ఇండియా వోల్టేజికి చేసిన హీటర్‌నే కొనాలి. 1500 వాట్లు అక్కడ 6.5 ఆంపియర్లు, అంటే చిన్న 6 ఆంపియర్ల సాకెట్‌కి మించిన భారం. 16 ఆంపియర్ల పెద్ద సాకెట్, సరైన ఎర్తింగ్, కరెంటు లీకైతే సరఫరా ఆపే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ మూడూ ఉన్న పాయింట్ బయట వేయించుకున్నాకే హీటర్ ఆర్డర్ చేయండి.